ఇంటికొక్క నౌకరి

పురుటి బట్టలు ఉడకబెడుతున్న సారమ్మ దగ్గరికి కాంపౌండరు అనంతయ్య కొత్త కబురు మోసుకొచ్చాడు. "ఇంటికొక్కరికే నౌకరంట సారమ్మా. మొగుడు పెండ్లాం ఇద్దరు చేస్తుంటే ఒకర్ని తీసేస్తరంట."

సంస్థానం పోయి సర్కారు వచ్చి రెండు నెలలు. అప్పటినుంచి ఆ దవాఖానలో మందులకన్నా పుకార్లే ఎక్కువ పంచుతున్నారు. చదువురాని ఆయాలను తీసేస్తారని ఒకరోజు, అందరినీ కొల్లాపూర్ తోలేస్తారని మరోరోజు. సారమ్మ పన్నెండేళ్లుగా కాన్పుల గదిలో ఆయా. భర్త ఏసురత్నం అదే దవాఖాన గేటు దగ్గర జవాను. ఇద్దరిలో పోయేదెవరో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

సాయంత్రం బోళ్లు తోముతూ ఆ మాట ఎత్తితే ఏసురత్నం బీడీ ముట్టించుకున్నాడు. "పోతే పోనీ తియ్. ఆడిదానివి, ఇంట్ల ఉంటే ఏం తక్కువైతది?" అత్త అందుకుంది. "నా కాళ్లు పిసికే దిక్కన్న ఉంటది." తెల్లారకముందే నీళ్లు మోసి, ఇల్లు అలికి, ముసలామెకు స్నానం చేయించి పోతుంది సారమ్మ. వాళ్ల లెక్కలో అదంతా పని కాదు. దవాఖానలో చేసేది పోయినా పరవాలేదు. కోపం రావాల్సింది. కోపానికైనా ఓపిక కావాలి కదా. ఆ తర్వాత పది రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. ఎవరు గది తలుపు తీసినా తన పేరే పిలుస్తారని చేతిలో పని ఆపి చూసేది.

పదకొండో రోజు పిలిచారు. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు కాగితం చూస్తూ అడిగాడు. "నువ్వు మానేస్తున్నావట. నీ బదులు మీ మరిదికి దవాఖానలో ఏదైనా పని ఇమ్మని నీ భర్త అర్జీ ఇచ్చాడు."

"ఇంటికొక్కరే ఉండాలెనని హుకుం వచ్చిందంట గద సాబ్?"

"అలాంటి హుకుం ఏదీ రాలేదే!"

పక్కనున్న అనంతయ్య తల దించుకున్నాడు. "నాకు ఏసురత్నమే చెప్పిండు."

సారమ్మకు ముద్ద దిగని అన్ని రోజులూ ఏసురత్నం పక్కనే కూర్చుని తిన్నాడు.

"నేను మానలే సాబ్. నా నౌకరి నాకు కావాలె."

"ఇంటికెళ్లి ఒకసారి మాట్లాడుకో."

"ఆయన నన్ను అడిగిండా, నేను ఆయన్ను అడగనీకె?"

డాక్టరు అర్జీని పక్కన పెట్టాడు.

బయట శ్రీరంగాపూర్ నుంచి వచ్చిన బండి ఆగింది. నొప్పులతో ఉన్న పిల్లను దింపుతున్నారు. సారమ్మ చేతులు కడుక్కుంటుంటే ఏసురత్నం అడ్డం వచ్చాడు. "ఏం చెప్పినవ్ లోపల? పా ఇంటికి. అమ్మ ఆకలికున్నది."

"మీ అమ్మకు నువ్వు వండి పెట్టు," అంది సారమ్మ. పిల్లను లోపలికి నడిపించుకుపోయి, తలుపు గడియ పెట్టింది.