వెర్నా బల్ల

నోటీసు జనవరిలో వచ్చింది. తెచ్చిన షెరీఫ్ ఆఫీసు కుర్రాడు బూట్లకున్న మంచు గుమ్మంలో దులుపుకుని, "ఏమీ అనుకోకు ఎల్రాయ్" అన్నాడు. అనుకోవడానికి ఏం మిగిల్చాడని?

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ పొద్దున మా ఊళ్ళో ఏటా పెట్టే టర్కీ పరుగు పందెంలో మారిట్ టాలెఫ్సన్ అనే ఆవిడ మా గేటు ముందు తడి రోడ్డు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. దానికి బాధ్యులు ముగ్గురట. పరుగు పెట్టిన క్లబ్బు, స్పాన్సరు చేసిన కిటికీల కంపెనీ, ఎల్రాయ్ స్టాంకీ. అంటే నేను.

క్లబ్బుకి ఇన్సూరెన్స్ ఉంది. కంపెనీకి ఒక అంతస్తు నిండా లాయర్లున్నారు. నాకు ఇల్లుంది, దాని వెనక నలభై ఎకరాల అల్ఫాల్ఫా గడ్డి ఉంది. ఇంటి ఇన్సూరెన్స్ సంగతి మా ఆవిడ వెర్నా చూసుకునేది. ఆవిడ పోయాక వచ్చిన కవర్లు నేను తెరవలేదు. పాలసీ ఆగిపోయింది. దావా ఓడితే భూమి అమ్మాలి. వేరే దారి లేదు.

పడితే మా ఖర్మ, ఎవరినీ అడగం అని పరుగెత్తేవాళ్ళంతా ముందే సంతకం పెడతారు. ఆ కాగితం మా రాష్ట్రం కోర్టుల్లో నిలిస్తే నిలుస్తుంది, లేకపోతే లేదు. నిలిచినా నాకు లాభం లేదు. అందులో క్లబ్బు పేరుంది, కంపెనీ పేరుంది. నా పేరు లేదు. పరుగెత్తేవాళ్ళ కోసం మా గేటు ముందు వేసిన బల్ల క్లబ్బు బల్ల కాదు.

ఆ బల్ల వెర్నా మొదలుపెట్టింది. ఎండాకాలం కీరదోసకాయలు ఊరవేసేది. కాయలు తినేశాక సీసాల్లో మిగిలిన ఉప్పునీళ్ళు పారబోసేది కాదు. టర్కీ పరుగు రోజు గేటు ముందు మడత బల్ల వేసి, ఆ నీళ్ళు కాగితం కప్పుల్లో పోసి ఇచ్చేది. పిక్కలు పట్టేస్తే అవి తాగితే వదులుతాయట.

"గొడ్లకి కూడా ఎవరూ ఇలాంటిది పట్టరు" అనేవాణ్ణి.

"గొడ్లు నీకన్నా నయం. బాగుంటే బాగుందని తల ఊపుతాయి" అనేది.

ఆ పరుగుకి ముందు వసంతంలో పోయింది. ఆవిడ సీసాలు నేలమాళిగలో అలాగే ఉన్నాయి. నవంబరులో బల్ల నేను వేశాను. ఎందుకు వేశానో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. జనం వచ్చారు, తాగారు, కప్పులు రోడ్డు మీద పారేశారు, జాలి మాటలు చెప్పి పోయారు. నేను అటు తిరిగి ఇంకో సీసా మూత తీస్తుంటే కేక వినిపించింది. తిరిగేసరికి ఆవిడ చుట్టూ జనం. నేను సీసా పట్టుకుని నిలబడిపోయాను.

ఫిబ్రవరిలో డ్వేన్ కోల్పాక్ వచ్చాడు. మా పక్క పొలం వాడిది. క్లబ్బు అధ్యక్షుడు కూడా వాడే.

"ఏం ముసలాడా, ఉన్నావా?"

"లేనేమోనని చూడ్డానికొచ్చావా?"

"కంపెనీ లాయరు ఫోన్ చేశాడు. ఆ బల్ల మాది కాదు, ఎల్రాయ్ సొంతం అని చెప్పాను. ఉన్నమాటే కదా."

"ఏటా నిలబడి తాగి పోయేవాడివి."

"తాగడం వేరు, నెత్తినేసుకోవడం వేరు." వాడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మాటవరసకి చెప్తున్నా. వెనక పొలం అమ్మాల్సొస్తే బయటివాళ్ళకిచ్చేయకు. ముందు నా చెవిన వెయ్యి."

"గేటు అటుంది" అన్నాను.

నా లాయరు బ్రిజెట్. మాడిసన్ పట్నం నుంచి వచ్చిన పిల్ల. నాకు అర్థమయ్యేలా చెప్పింది. డబ్బిచ్చి పేరు వేయించుకున్నంత మాత్రాన స్పాన్సరు మీదికి పెద్దగా ఏమీ రాదు. పరుగు ఎలా జరగాలో తానే నడిపిస్తే వస్తుంది. గేటు ముందు రోడ్డు కౌంటీ సర్కారుది, దానికి ఇంటాయన పూచీ లేదు. కానీ ఆ రోడ్డు మీద ఆయనే ఏదైనా పోస్తే ఉంది.

"కప్పులు రోడ్డు మీద ఒలికాయా?"

"ఒలికాయి."

బ్రిజెట్ కలం కింద పెట్టేసింది. "వాంగ్మూలం రోజున అడిగినదానికే జవాబు చెప్పండి. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడొద్దు."

"అది నాకు నేర్పక్కర్లేదమ్మాయ్."

తప్పు నా కప్పులదేనని నేనూ అనుకున్నాను. వెర్నా అన్నేళ్ళు బల్ల వేస్తే ఎవరికీ గోరు విరగలేదు. నేను ఒక్కసారి వేశాను, ఒక మనిషి తుంటి విరిగింది. ఆ చలికాలం నాకు నిద్ర లేదు. కంచెలు బాగుచెయ్యడం మానేశాను. వేరేవాడి కంచెలయ్యేవాటికి తీగె ఎందుకు దండగ?

జులైలో వాంగ్మూలాలు. కేసు జడ్జి ముందుకి వెళ్ళకముందే లాయర్లు అందర్నీ ప్రశ్నలడిగి రాసుకుంటారు. కౌంటీ కోర్టు ఎదురుగా ఉన్న లాయరు ఆఫీసులో పొడుగు బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. క్లబ్బు తరఫున డ్వేన్ వచ్చాడు. నా వైపు చూడలేదు. మారిట్ చేతికర్రతో వచ్చింది. యాభై దాటిన మనిషి. స్కూలు బస్సు నడుపుతుందట. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"వెర్నా ఆయన మీరేనా? ఈ దావా నా బుద్ధి కాదండీ. ఆసుపత్రి బిల్లు కట్టిన ఇన్సూరెన్స్ వాళ్ళు నా పేరు పెట్టి వేయించారు."

ఆవిడ పక్కనున్న లాయరు గట్టిగా దగ్గాడు. ఆవిడ పట్టించుకోలేదు.

ముందు నా వంతు. అడిగింది కంపెనీ లాయరు. జులైలో కోటు, టై.

"బల్ల పెట్టడానికి క్లబ్బు అనుమతి తీసుకున్నారా?"

"లేదు."

"ఎవరూ పెట్టమనకుండా మీ అంతట మీరే పెట్టారు."

"అది ప్రశ్నా?"

బ్రిజెట్ బల్ల కింద నా కాలు తన్నింది.

"పెట్టాను" అన్నాను.

"ఆ పొద్దున గడ్డకట్టే చలి. మీ కప్పుల్లో నీళ్ళు రోడ్డు మీద ఒలికి మంచుపలక అయ్యాయి. దాని మీద ఈవిడ జారింది. కాదంటారా?"

నోటీసులో తడి రోడ్డు అనే ఉంది. మంచు అన్న మాట నేను వినడం అదే మొదలు.

"గడ్డకట్టడం నేను చూళ్ళేదు" అన్నాను.

ఆయన నవ్వి రాసుకున్నాడు. ఆ కలం కదులుతుంటే నా గడ్డిలో డ్వేన్ ట్రాక్టరు తిరుగుతున్నట్టే ఉంది.

అప్పుడు మారిట్ పకపకా నవ్వింది.

"నీళ్ళేంటండీ? ఎవరి నీళ్ళు?"

"మారిట్ గారూ, మీ వంతు తర్వాత" అన్నాడు ఆవిడ లాయరు.

"వంతులేంటి, అక్కడ ఆ పెద్దాయన్ని నిలువునా ముంచుతుంటే! వెర్నా బల్ల మీద నీళ్ళెప్పుడున్నాయి? కీరదోస ఊరిన ఉప్పునీళ్ళవి. ఒక్క గుక్కకి చచ్చినవాడు కూడా లేచి పరుగెత్తుతాడు."

"ఏ నీళ్ళైనా గడ్డకడతాయి కదమ్మా" అన్నాడు కంపెనీ లాయరు.

"మీది ఏ ఊరు బాబూ?"

"చికాగో."

"అదీ మరి. మా కౌంటీ లారీలు చలికాలం రోడ్ల మీద కొట్టేదేంటనుకున్నారు? చీజు ఫ్యాక్టరీలో మిగిలిన ఉప్పునీళ్ళు. ఊరంతా చీజు కంపు. గడ్డకట్టకూడదనే కదా కొట్టేది! కప్పు చేతిలో ఉండగానే పడ్డాను. మొత్తం నా చొక్కా మీదే ఒలికింది. అంబులెన్స్ ఎక్కేదాకా అది గడ్డకట్టకుండా తడిగానే ఉంది. నా కింద మాత్రం గాజుపలకలా మంచు. బోర్లా పడ్డాను కదా, నోట్లోకి కూడా పోయింది. ఉప్పు లేదు. చప్పటి మంచినీళ్ళ మంచు!"

బ్రిజెట్ మెల్లగా నా వైపు తిరిగింది.

"కప్పుల్లో ఉన్నవి ఉప్పునీళ్ళని మీరు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు."

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. నాకు మాత్రం కూర్చున్న కుర్చీ తేలికైనట్టనిపించింది.

మారిట్ లాయరుకి ఉత్సాహం వచ్చింది. "మరి ఆ మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"ఎగువ నుంచి. ఎత్తు మీద కంపెనీ బ్యానరు కట్టి నీళ్ళ బల్ల పెట్టారు. పీపా కుళాయి కారుతూనే ఉంది. అది పల్లంలోకి పారి వెర్నా గేటు దగ్గర ఆగింది."

డ్వేన్ వంతు వచ్చింది. చేతులు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. బ్రిజెట్ అడిగింది.

"క్లబ్బు నీళ్ళ బల్ల ఏటా ఎక్కడ పెడతారు?"

"చర్చి ముందు. అక్కడ చదును."

"ఈసారి ఎత్తు మీదికి మార్చింది ఎవరు?"

డ్వేన్ కంపెనీ లాయరు వైపు చూశాడు. ఆయన కాగితాలు చూసుకుంటున్నాడు.

"కంపెనీవాళ్ళు. ఫోటోలో బ్యానరు మీద ఎండ పడాలన్నారు."

"మీరు వద్దనలేదా?"

"అన్నాను. అలాగైతే వచ్చే ఏడు స్పాన్సరు చెయ్యం అన్నారు."

"కుళాయి కారడం మీరు చూశారా?"

"చూశాను. జారకుండా ఇసక చల్లించమని వాళ్ళ మనిషికి చెప్పాను."

"చల్లించారా?"

"నేను మళ్ళీ చూసుకోలేదు."

అంటే ఆ నీళ్ళ సంగతి వాడికి తెలుసు. ఫిబ్రవరిలో నా గుమ్మంలో నిలబడి పొలం అడిగినప్పుడూ తెలుసు.

బయటికొచ్చాక మారిట్ మెట్ల దగ్గర ఆగింది. దిగడానికి చెయ్యి ఇచ్చాను.

"నేను ఆ కప్పు వద్దంటే వెర్నా నన్ను తిట్టేది తెలుసా?" అంది.

"నన్నూ తిట్టేది" అన్నాను.

ఆగస్టులో బ్రిజెట్ ఫోన్ చేసింది. "మిమ్మల్ని కేసులోంచి తీసేశారు. కంపెనీ, క్లబ్బు వాటాలు తేల్చుకుంటున్నాయి. అది మీకు అనవసరం."

"భూమి?"

"భూమి మీదేనండీ. ఎవరూ ముట్టుకోరు."

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను. తర్వాత షెడ్డులోంచి తీగె చుట్ట తీసుకుని వెనక కంచె దగ్గరికి పోయాను. పొద్దు వాలేదాకా పని చేశాను.

తిరిగొచ్చేసరికి డ్వేన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పళ్ళెం, అందులో చెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన పై రొట్టె.

"మా ఆవిడ చేసింది. మనసులో ఏమీ పెట్టుకోకు ఎల్రాయ్."

"పెట్టుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"నీకు బోలెడు టైముంది. చూస్తుండు."

వాడు పళ్ళెం మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ట్రక్కు మలుపు తిరిగేదాకా ఆగాను. పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళాను. చేసింది వాళ్ళావిడ, వాడు కాదు. వంటింట్లో నిలబడే ఫోర్కుతో తిన్నాను. సగానికి వచ్చాక గానీ ఎంత ఆకలిగా ఉన్నానో తెలియలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మిగతాదీ తిన్నాను.