పెద్దబిడ్డ పీట

రాయగడలో పొద్దున్నే నీళ్లు వదిలే పని సూర్యారావుది. మునిసిపాలిటీ పంపుహౌసులో ఆయన వాల్వు తిప్పితే గాని ఊళ్లో సగం కుళాయిలకి ప్రాణం రాదు. అదే వేళకి ఆయన ఇంట్లో ఇంకో పని మొదలవుతుంది. ఆయన కూతురు లిప్సా అరుగు మీద గొంతుక్కూర్చుని, సాలూరులో, పార్వతీపురంలో, బొబ్బిలిలో ఉన్న తమ ముసలి బంధువులందరికీ వరసగా ఫోన్లు చేస్తుంది.

"తాతా, మఫ్లర్ కట్టుకున్నావా?"

"కట్టుకున్నానమ్మి."

"బీపీ మాత్ర?"

"టీ తాగినాక ఏసుకుంతాను."

"ఇప్పుడే ఏసుకో. నాను లైన్లోనే ఉంటాను."

బొబ్బిలిలో అప్పలనరసయ్య తాత మాత్ర మింగి, నీళ్లు తాగి, గుటక వినిపించాక గాని ఆ పిల్ల ఫోను పెట్టదు. సూర్యారావు కూతురు ఎంత ప్రేమ గల పిల్లో అని ఆ ఊళ్లన్నిటా పేరు. ప్రేమ సంగతి తరవాత. వాళ్లలో ఎవరు పోయినా లిప్సాకి ఇంకో ఏడాది పద్నాలుగేళ్లే.

ఎందుకంటే పుట్టినరోజు చేస్తే గాని లిప్సాకి వయసు రాదు. తలంటి, కొత్త బట్టలు కట్టి, పాయసం తాగిస్తే ఏడాది మేర ఎదుగుతుంది. లేకపోతే ఎక్కడిదక్కడే. కొంతమందికి దద్దుర్లు వస్తాయి, కొంతమందికి బస్సు పడదు, లిప్సాకి ఇది. ఆమె పద్నాలుగు దాటిన మొదటి కార్తీకంలో సాలూరులో ఒక దాయాది పోయాడు. సూర్యారావు తల్లి చిలకమ్మ వెంటనే ఏడాది పట్టు పట్టింది. ఈ ఇంట్లో సంవత్సరం తిరిగేదాకా ఏ వేడుకా లేదంది. సరిగ్గా సంవత్సరం తిరిగే వేళకి పార్వతీపురంలో ఇంకొకరు పోయారు. ఆ పైఏడు మరొకరు. లిప్సా పుట్టింది కార్తీక బహుళ దశమి నాడు. చలి ముదిరే రోజులు, ముసలివాళ్లు రాలే రోజులు. పుట్టడానికి ఎండాకాలం చూసుకోవలసింది అని తనని తానే తిట్టుకునేది.

పోయినవాళ్లు ఎవరో లిప్సాకి తెలియదు, సూర్యారావుకీ అంతంత మాత్రమే. చిలకమ్మకి మాత్రం ఏడు తరాల చుట్టరికం నాలుక మీద ఉంటుంది. "మీ తాతకి పెత్తండ్రి కొడుకు తమ్ముడే. మనోడు కాదేటి?" అంటుంది. ఆ లెక్కన రెండు జిల్లాల జనమూ మనవాళ్లే.

బడిలోనూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జూన్‌లో టీచరు, "ఏమ్మా, ఈ ఏడూ కాలేదా?" అని అడిగేది. "కాలేదు టీచర్" అనేది లిప్సా. తొమ్మిదో తరగతిలో కిటికీ పక్క చోటు ఆమె కోసం ఖాళీగానే ఉంచేవారు. సైన్సు మాస్టారు ఏటా అదే పాఠంలో అదే జోకు వేసేవాడు. ఆయన నోరు తెరవకముందే లిప్సా నవ్వేసేది, ఆయన చిన్నబుచ్చుకునేవాడు. తనతో చదివిన హరిచందన కోరాపుట్ వెళ్లి హాస్టల్లో ఉండి కాలేజీ చదువుతోంది. అక్కడి చలి గురించి, మెస్సులో పప్పు గురించి మెసేజీలు పెడుతుంది. లిప్సా వాటిని రెండేసి సార్లు చదువుతుంది.

పుట్టినరోజుల మీద ఆమెకి కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. అందరూ కేకు కోస్తూ 'అబ్బా, అప్పుడే ఇంకో ఏడు వచ్చేసింది' అని మూలుగుతారు. ఉచితంగా వచ్చిన దాని మీద ఎవరికైనా అంతే. మొదటి ఏడు ఆశపడి 1, 5 అంకెల కొవ్వొత్తులు కొనిపెట్టుకుంది. కరెంటు పోయినప్పుడు రెండూ వెలిగించేశారు. కడపటికి ఆ అయిదు వెలుగులో అమ్మ వంకాయలు తరిగింది.

అన్నిటికన్నా పెద్ద అవమానం తమ్ముడు రాజ్‌కుమార్. వాడి పుట్టినరోజు ఫాల్గుణంలో. ఫాల్గుణంలో పుట్టినవాడి పాయసమైనా ఆ పట్టులో కుదరదు గాని, వాడికి పాయసంతో పని లేదు. వాడు తిన్నా ఎదుగుతాడు, తినకపోయినా ఎదుగుతాడు. పోయిన ఏడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఇప్పుడు వాడు పదో తరగతి. పైపెదవి మీద మసి పూసినట్టు మీసం వచ్చింది. ఇంటి సైకిలు పెద్దవాడివని వాడికే ఇచ్చారు.

"అన్నయ్యా అని పిలు. సైకిలెక్కిస్తాను" అన్నాడు ఒకరోజు.

"నీ ముడ్డి కడిగినదాన్నిరా నాను."

"అప్పటి సంగతి. ఇప్పుడు నీ లెక్కలు ఎవలు దిద్దుతున్నారు?"

అప్పటి నుంచి వాడు అక్కా అనడం మానేశాడు, ఆమె అన్నయ్యా అనలేదు. 'ఏయ్' తో బతుకు నడిచిపోతోంది.

ఈ ఏడు మాత్రం లిప్సా పట్టుదలగా ఉంది. ఇంకోసారి తప్పితే తమ్ముడు కూడా పది గట్టెక్కి ఊరు దాటిపోతాడు, తను కిటికీ పక్కనే ఉండిపోతుంది. అందుకే ఈ ఫోన్లు. మాత్రలు, మఫ్లర్లు, మెట్ల దగ్గర జాగ్రత్తలు. అందరికన్నా ఎక్కువ భయం నానమ్మ గురించే. దూరపు చుట్టం పోతేనే ఏడాది పట్టు పట్టే మనిషి తనే పోతే ఇంకేముంది? చిలకమ్మ దగ్గిందంటే చాలు, లిప్సా మిరియాల పాలు పట్టుకుని పరిగెత్తేది. ఖైదు చేసినవాళ్ల ఆరోగ్యం ఖైదీయే చూసుకోవలసి రావడం ఇంకెక్కడా ఉండదు.

నాగులచవితి మర్నాడు ఆమె బొబ్బిలి ఫోను చేస్తే తాత ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారి ఆయన భార్య పైడమ్మ ఎత్తింది.

"మీ తాత నిద్దట్లోనే ఎలిపోయేడమ్మి. రాత్రి కూడా అన్నాడు. పొద్దున్నే ఆ గుంట పోను సేస్తాది, మాత్రలు ఇక్కడెట్టు అని."

లిప్సాకి ముందు పుట్టినరోజు గుర్తొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఆ తరవాత ఆయన గుటక శబ్దం గుర్తొచ్చి నిజంగా ఏడ్చింది. ఎన్నడూ చూడని మనిషి కోసం అంత ఏడుపు వస్తుందని ఆమెకే తెలియదు.

చిలకమ్మ లోపలి నుంచి వచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని, అనవలసిన మాట అననే అంది. "ఏడాది పట్టాల."

"పట్టు!" అని అరిచింది లిప్సా. "ఇంకా ఎవలెవలు ఉన్నారో సెప్పు, అందరికీ ఒకేసారి పట్టేద్దాం! నాను ముసిలిదాన్నయ్యేదాకా, కాదు, నాను ఎలాగూ అవను కదా, మీరందరూ పోయేదాకా ఈ గౌనే తొడుక్కుంటాను!"

చిలకమ్మ తల తిప్పుకుని వసారాలో మంచం మీద పడుకుంది. వంటింట్లో తల్లి సింహాచలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పింది. చిలకమ్మకి మొదటి బిడ్డ ఆడపిల్లట. అమ్మడు అని పిలిచేవారట. మరిది పోయిన ఏడు, పట్టులో ఉండగానే పిల్ల ముచ్చట పడిందని పుట్టినరోజు చేసిందట. ఆ వారంలోనే జ్వరం తగిలి అమ్మడు పోయిందట.

"అప్పటి నుంచి ఆవిడికి బయమే అమ్మి. నీమీద కోపం కాదు."

లిప్సాకి ఏం చెయ్యాలో తోచలేదు. కోపం ఉన్నంతసేపూ కాస్త తేలిగ్గా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

పక్కింట్లోకి ఆ వేసవిలో కటక్ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం ఉంది. ఇల్లాలు సుభశ్రీని వీధి వీధంతా మావుసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. కార్తీక పున్నమి దాటిన నాలుగు రోజులకి ఆమె గోడ మీద నుంచి ఒడియాలో పలకరించింది. ప్రథమాష్టమి వస్తోందట. వాళ్లలో ఇంటికి మొదట పుట్టిన బిడ్డని ఆ రోజు పీట మీద కూర్చోబెట్టి, మేనమామ పంపిన కొత్తబట్టలు పెట్టి, హారతిచ్చి, నిండు ఆయుష్షు కోరతారు. ఆమె కొడుకు సౌమ్యరంజన్‌కి పూనాలో ఉద్యోగం, సెలవు దొరకలేదు.

"పీట ఖాళీగా ఉంచడం నాకు ఇష్టం లేదు" అంది మావుసి. "మీ పెద్దబిడ్డని పంపించండి" అంటూ, సైకిలు తుడుచుకుంటున్న రాజ్‌కుమార్ మీసం వంక చూసింది.

ఆ ఇంట్లో ఇప్పుడు పెద్ద ఎవరో సింహాచలమ్మకే తేలలేదు. రాజ్‌కుమార్ మాత్రం సైకిలు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

కొల్నారలో టిఫిను కొట్టు పెట్టుకున్న పిల్లల మేనమామ సన్యాసయ్య కబురందుకుని, అష్టమి పొద్దున్నే నీలం చొక్కా పట్టుకుని వచ్చేశాడు. రాజ్‌కుమార్ కొలతే, ఎదిగే పిల్లాడని కాస్త వదులుగా తీసుకున్నాడు. మావుసి పెరడంతా పసుపాకు వాసన. బియ్యం, మినప్పిండి మధ్య కొబ్బరి బెల్లం పెట్టి, పసుపాకుల్లో మడిచి ఆవిరి మీద ఉడికిస్తోంది. ఎండురి పిఠా అంటారు దాన్ని. లిప్సా తినడానికని వెళ్లి, కింద కూర్చుని ఉడికినవాటి ఆకులు ఒలుస్తోంది. రెండు జడలు, రిబ్బన్లు, మూడేళ్ల కిందటి గౌను.

రాజ్‌కుమార్ పీట మీద ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. మావుసి దీపం వెలిగించి, పళ్లెం ఎత్తి అడిగింది. "మీ అమ్మ కడుపున మొదట పుట్టినవాడివి నువ్వే కదా? దేవుడి ముందు చెప్పాలి."

రాజ్‌కుమార్ తల ఊపబోయాడు. ఎదురుగా లిప్సా వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ ఆకు ఒలుస్తోంది. చిన్నప్పుడు తనకి ఇడ్లీ పెట్టేముందు కూడా అలాగే ఊదేది. ఇప్పుడు కాదంటే సైకిలు పోతుంది, పెద్దరికం పోతుంది, వదులుగా తీసుకున్న చొక్కా కూడా పోతుంది. వాడు కాసేపు మామ చేతిలో ఉన్న చొక్కా వంకే చూశాడు.

"నాను కాదు" అని లేచాడు. "అక్కా, రా. నువ్వు కూర్సో."

ఆ మాట విని చాలా కాలమైంది. లిప్సా చేతిలో పిఠా పళ్లెంలో పడింది.

"ఈ చిన్నదా?" అంది మావుసి.

"దానికి పుట్టినరోజులు అవనేదు మావుసీ. అంతే."

"ఓ, అలాగా" అని మావుసి వత్తి ఎగదోసింది.

అప్పుడే పెరటి తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. చిలకమ్మ. లిప్సా పీట దాకా వెళ్లినదల్లా అక్కడే నిలబడింది.

"ఇది పుట్టినరోజేటి?" అంది చిలకమ్మ.

"కాదమ్మా" అంది మావుసి తనకొచ్చిన తెలుగులో. "పెద్ద బిడ్డకి ఆయుష్షు అడిగే పూజ."

చిలకమ్మ కర్ర ఊనుకుంటూ దీపం దగ్గరికి వచ్చింది.

"నా పెద్దదానికి ఎవలూ అడగనేదు" అంది. "అడగండి. ఈ అమ్మికి గట్టిగా అడగండి."

లిప్సా పీట మీద కూర్చుంది. మావుసి హారతి తిప్పి, నుదుట బొట్టు పెట్టి, పిఠా ముక్క నోట్లో పెట్టింది. బెల్లం కరుగుతుండగానే గౌను చంకల కింద పిగిలింది. గాజులు బిగిశాయి, కాలి పట్టీ తెగింది, జడలు నడుం దాటాయి. పదిహేను, పదహారు, పదిహేడు, ఆగని స్టేషన్లలా వెళ్లిపోయాయి. ఆ మూడేళ్లలో ఏం ఉండేదో ఇక ఎప్పటికీ తెలియదని ఆమెకి ఒక్కసారి దిగులేసింది. సన్యాసయ్య నీలం చొక్కా మడత విప్పి మేనకోడలి భుజాల మీద కప్పాడు. సరిగ్గా సరిపోయింది.

"సైకిలు తాళం" అని రాజ్‌కుమార్ తల ఎత్తి ఆమె వంక చూస్తూ దాన్ని ఇవ్వబోయాడు. లిప్సా వాడి జుట్టు చెరిపింది. "నువ్వే తొక్కుకోరా. నాకు గాలి కొట్టడం రాదు."

మర్నాడు అలవాటు కొద్దీ బొబ్బిలి ఫోను చేసింది. "ఎవలమ్మా?" అంది పైడమ్మ. లిప్సా పేరు చెప్పింది. "గొంతు మారిపోయిందే అమ్మి! ఎదిగీసేవా? మీ తాత ఉంటే..." అని ముక్కు చీదింది. ఇల్లు బావురుమంటోందని, వచ్చి కొన్నాళ్లు తన దగ్గర ఉండమని అడిగింది. పదో తరగతి ప్రైవేటుగా రాయొచ్చని బడిలో టీచరు లిప్సాకి చెప్పింది. పుస్తకాలు ఎక్కడ కూర్చుని చదివినా ఒకటే. లిప్సా జన్మలో ఒంటరిగా రైలెక్కలేదు. సూర్యారావు టికెట్టు తెస్తానన్నాడు.

దశమి నాడు తెల్లవారగానే ఎవరో తల మీద చల్లగా నూనె పోశారు. లిప్సా ఉలిక్కిపడి లేచింది. వెనకాల పీట వేసుకుని చిలకమ్మ కూర్చుంది. వంటింట్లోంచి పాయసం వాసన వస్తోంది.

"నానమ్మా, ఏడాది పట్టు కదా?"

"కదలకు." చిలకమ్మ నూనె గట్టిగా అంటుతోంది. "అప్పలనరసయ్య ఏటీ అనుకోడు. ఆడికి రోజూ మాత్ర మింగించింది నువ్వే." వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "ఒసే సింహాచలం! ఇటు విను. రేపు నాను సచ్చినా సరే, ఈ గుంటకి పాయసం ఆపకండి."

సింహాచలమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. చిలకమ్మకి దగ్గు తెర వచ్చింది.

లిప్సా నూనె కారుతున్న తలతోనే లేచింది. "ముందు మిరియాల పాలు తాగు" అంది. "తాగేదాకా నాను ఏ రైలూ ఎక్కను."