మేనత్త తిన్న మూడు పండ్లు

ఇట్టా దగ్గరికి జరగండి, చెప్తాను. సైన్సు టీచరు శకుంతలమ్మ అప్పటికే ల్యాబు గది కిటికీలు తెరిచి, బల్లల మీది దుమ్ము పాత చీరముక్కతో తుడుస్తోంది. పూతలపట్టులో ఏడింటి బస్సెక్కడం, బంగారుపాళ్యం హైస్కూల్లో దిగగానే ఈ తుడుపు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. పొట్టి మనిషి. సుద్దముక్క పట్టి పట్టి కుడిచేతి వేళ్ళ కొసలు పగిలి తెల్లబారాయి. పేపర్లో ఎన్నడూ ఆమె ఫోటో పడలేదు. ఆ పొద్దు ఉద్యోగానికి ఆఖరి రోజు. మనసు మాత్రం మర్నాడు చిత్తూరులో జరిగే సైన్సు పోటీ మీదే ఉంది.

పోటీకి పోయేది తొమ్మిదో తరగతి హుమేరా. మామిడికాయలు వరిగడ్డిలో బాగా పండుతాయా, బియ్యం డ్రమ్ములోనా, వట్టి నేల మీదా? ఒక్కోచోట పది కాయలు పెట్టింది. ఆ పిల్ల 'దాదీ' అని పిలిచే నానమ్మ సుభాన్‌బీ బియ్యమే గొప్పదని పందెం కాసింది. శకుంతలమ్మ పద్ధతిలో ప్రశ్న పిల్లలదే, తిప్పలూ పిల్లలవే. ఆమె చెప్పేది ఒక్కటే, "చూసింది రాయండి."

శకుంతలమ్మ హుమేరా నోటుబుక్కు తెరిచింది. ఆరో రోజుకు గడ్డిలో ఎనిమిది, నేల మీద మూడు, బియ్యంలో పదికి పది.

"ఏమే, మీ డ్రమ్ములో కాయలు బడి పిల్లోళ్ళకంటే బుద్ధిగా ఉండాయే! ఒక్కటీ మొండికెయ్యలేదా?"

హుమేరా తల వంచుకుంది. "నాలుగో రోజు మా మేనత్త వచ్చినాది మేడం. దాదీ డ్రమ్ములో చెయ్యి పెట్టి మూడు పండ్లు తీసి కోసి పెట్టేసినాది. ఇంటికొచ్చినోళ్ళకి వద్దని ఎట్టా చెప్పేది?"

"మిగిలిన ఏడు?"

"ఏడూ పండినాయి. అత్త తిన్నిందంటే ఆ మూడూ పండినట్టే కదా మేడం?"

"మీ అత్త మర్యాద తెలిసిన మనిషి. చుట్టాలింట్లో పుల్లకాయ పెట్టినా తియ్యగుండాదనే చెప్తాది. నువ్వు కొరికి చూసినావా?"

"లేదు."

గడపలో నిలబడి వింటున్న హెడ్మాస్టరు ధనశేఖర్ కల్పించుకున్నాడు. "పోనీండమ్మా! పదికి పదంటే ప్రైజు ఖాయం. మీరు పోతా పోతా బడికి పేరు తెచ్చినట్టుంటాది."

"పేరు నాలుగు రోజులుంటాది సార్. ఈ అలవాటు పట్టుకుంటే పిల్లని జన్మంతా వదలదు." హుమేరా వైపు తిరిగింది. "రేపు ఆడ నేనుండను. అడిగినోళ్ళకి నువ్వే చెప్పుకోవాల. చూసిందే చెప్పు, బట్టీ పట్టే పనుండదు."

హుమేరా బియ్యం కింద రాసిన పదిని కొట్టేసింది. చాలాసేపు పెన్ను కొరికి, మళ్ళీ రాసి, గట్టిగా చదివింది: "మూడు పండ్లు మా మేనత్త తినేసింది. అవి బాగా పండాయో లేదో నాకు తెలియదు. గడ్డి గొప్పదో బియ్యం గొప్పదో ఇంకా చెప్పలేను." ఆ వెంటనే అంది, "వచ్చే జూన్‌లో మళ్ళా చేస్తా మేడం. డ్రమ్ముకి బీగమేస్తా. అత్తకి వేరే గంప!"

శకుంతలమ్మ పకపకా నవ్వింది.

నాలుగింటికి శాలువా కప్పి దండ వేశారు. అయిదింటి బస్సుకు, దండ చేతిసంచిలో పెట్టుకుని, రోజూ పోయినట్టే పోయింది.

మర్నాడు చార్టు కోసం వచ్చిన హుమేరాకు ల్యాబు బల్ల మీద, మేడం పోతూ పెట్టిపోయిన, ఆమె చేతిరాతతో ఒక కాగితం దొరికింది. చిత్తూరులో అడిగినవాటికల్లా ఆ పిల్ల నిలబడి జవాబు చెప్పింది. ప్రైజు ఎవరికొచ్చిందో నన్నడగొద్దు, మీరూ చెప్పొద్దు. మీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ కాగితాన్ని మాత్రం మరవకండమ్మా: పోటీలో అడగగల పది ప్రశ్నలు, జవాబు పిల్లే రాసుకోను ఒక్కోదాని కింద నాలుగు వేళ్ళ ఖాళీ, అన్నిటికీ అడుగున "వచ్చే ఏడు ఏం కనుక్కుంటావు?"