ఉద్యమానికి అప్పడాల మిషను

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో ఇల్లు తుడిచిన గుడ్డ పిండితే నల్లటి నీళ్ళు కారతాయి. మళ్ళీ తుడిచినా అంతే. ఊరి బయటి ఇనుము కర్మాగారం వదిలే మసి అది. ఫ్యాక్టరీలన్నాక తప్పుతుందా అని సర్దుకుపోయే మంచివాళ్ళం మనం. రిటైరైన నర్సు దీనమ్మకు మాత్రం సర్దుకోవడం చేతకాలేదు. మనవరాలు అనూష ఆరేళ్ళకే ఇన్‌హేలర్ పట్టుకు తిరుగుతోంది. అది చాలదన్నట్టు కర్మాగారం రెండో కొలిమికి అనుమతి అడిగింది. దానిమీద బహిరంగ విచారణ జరగబోతోంది. ఆలోగా గాలిని పరీక్ష చేయించాలి, కాలనీవాళ్ళను బస్సులో తీసుకెళ్ళి మాట్లాడించాలి. అందుకు డబ్బేది?

పక్కింటి తాయారమ్మను వెంటబెట్టుకుని దీనమ్మ పండరీ బజారులో బట్టల వ్యాపారులు నడిపే ధర్మసంస్థకు వెళ్ళింది. తెలుగు మాటకు చివర సున్నా తీసేస్తే హిందీ అయిపోతుందని మనవాళ్ళకో నమ్మకం. ఆ ధైర్యంతోనే, "భయ్యా, హమ్ మహిళావోం కే ఉద్యమ్ కే లియే మదద్ చాహియే" అంది, మా ఆడవాళ్ళ ఉద్యమానికి సాయం కావాలనుకుంటూ. మేనేజరు హరీష్ ముఖం వికసించింది. "జరూర్, అమ్మాజీ!" అన్నాడు. మిగతాది వినిపించుకోనేలేదు.

విచారణ ఎల్లుండనగా కాలనీకి వ్యాను వచ్చింది. అందులోంచి పూలదండ వేసిన మిషనూ, ఫొటోగ్రాఫరూ, హరీషూ దిగారు.

"గాలి చెక్ చేసే మిషన్ ఇదేనా సిస్టరమ్మా?" అంది తాయారమ్మ.

కాదు, అప్పడాలు వత్తే మిషను! హిందీలో ఉద్యమ్ అంటే వ్యాపారమని దీనమ్మకు అప్పుడు తెలిసింది. తల పట్టుకుని, తామెందుకు వచ్చారో హరీష్‌కు మొదటినుంచి చెప్పింది.

"అరే, అది ఆందోళన్ కదా అమ్మాజీ! దానికి మావాళ్ళు ఇవ్వరు" అన్నాడతను హిందీలో. "మొక్కలు కావాలా? మాస్కులు? పాపకు ఇన్‌హేలర్లు ఏడాదంతా ఇప్పిస్తాను."

"ఇన్ని ఇస్తారు, బస్సుకి ఇవ్వరా?"

"బస్సుని ఫొటో తీసి ఏం చూపిస్తాం?"

ఇదండీ మన ఉదారత! దగ్గేవాళ్ళకు మందు కొనిస్తాం, దగ్గు తెప్పించేదెవరని అడగబోతే జేబు మూసుకుంటాం.

దీనమ్మ మిషను వైపు తిరిగింది. ప్రారంభోత్సవానికి వాళ్ళు తెచ్చిన పిండితోనే అప్పడాలు వత్తించి మేడమీద ఆరబెట్టించింది. హరీష్ భోజనం చేసి లేచేసరికి పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. ప్రతి అప్పడంమీదా మసి పేరుకుని ఉంది.

"ఖాయియే, భయ్యా."

అతను ఒకటి చేతిలోకి తీసుకుని, చూసి, మెల్లగా కింద పెట్టాడు. "సేఠ్‌జీని అడుగుతాను" అని గొణిగాడు.

ఎల్లుండే విచారణైతే ఇంకా అడగడమేనా! కోపంలో దీనమ్మకు హిందీ రాలేదు. తెలుగులోనే అనేసింది. అతనికి అర్థమైందో లేదో గానీ, మనకు అర్థం కాలేదనడానికి వీల్లేదు.

"మందిచ్చే చెయ్యి మంచిదే నాయనా, నేనూ జీవితమంతా ఆ పనే చేశాను. కానీ జబ్బు తెచ్చేవాణ్ణి నిలదీయడానికి వెళ్ళేవాళ్ళకు బస్సు పెట్టడం కూడా దానమే. అది చెయ్యనంతకాలం మీరు మందులు పంచుతూనే ఉంటారు, మా పిల్లలు దగ్గుతూనే ఉంటారు!"