తలకిందుల చార్మినార్లు

"నిమ్మచెక్కతోటి గట్టిగ రుద్దకే సుకన్యా. మీ అమ్మ పెట్టిన దండ గదా, లోపలి రాగి బయటపడుతది," అంది అత్త సావిత్రమ్మ, హాల్లో కూర్చున్న చుట్టాలకు వినబడేట్టు. అందరూ నవ్వారు. మర్నాడు ఆడబిడ్డ హారిక కొడుకు పుట్టువెంట్రుకలు. ఇంటిల్లిపాది వెండీ సింకు దగ్గర పోసుకుని తోముతున్న సుకన్య తల ఎత్తలేదు. కొత్త కాపురంలోనే అత్తగారు "తీగె మార్పిస్త" అని ఆ పాత వెండి రూపాయల దండ తీసుకున్నారు. తిరిగొచ్చాక భర్త యాదగిరి దాన్ని పరీక్షించి, "సగం దొంగ రూపాయలే" అని తేల్చాడు. అప్పటినుంచీ ఇదే మాట. మరిపెడలో రోడ్డు పక్కన కిరాణం కొట్టు నడుపుతూ తనను పెంచిన అమ్మ తెలిసే పెట్టిందా, తెలియక మోసపోయిందా? అడగలేకపోయింది. అడగని అనుమానం ఊరుకోదు. అమ్మ పంపిన పచ్చడి సీసా మూత తీస్తూ కూడా, ఇందులో నూనె మంచిదేనా అని ఒక్క క్షణం ఆగేది. ఆగినందుకు తనమీద తనకే రోత పుట్టేది.

మధ్యాహ్నాలు యాదగిరి కునుకు తీసేటప్పుడు బజారులోని అతని వెండి దుకాణంలో ఆమే కూర్చునేది. జీతం మాటెత్తితే "మన దుకాణంల జీతమేందే?" అనేవాడు. ఆదాయం అడిగితే "నా దుకాణం సంగతి నీకెందుకు?" అనేవాడు. పాత రూపాయలను పోల్చడం అక్కడే కూర్చుని నేర్చుకుంది. అసలుదాని అంచు గీతలు వేలికి తగులుతాయి, రాయిమీద వేస్తే ఖంగుమంటుంది, ఒంటికి ఒరుసుకున్న వైపే నున్నగా అరుగుతుంది. పోతపోసిన దొంగది రెండు వైపులా ఒకేలా మొద్దుగా ఉంటుంది.

వెండి తోమిన ఆ రోజు మధ్యాహ్నం హారిక హడావుడిగా దుకాణానికి వచ్చి, "వదినా, ఒక రూపాయి ఊడింది. జర అన్నతోటి అతికిపియ్యి," అని వడ్డాణం గల్లామీద పెట్టి పోయింది. కొంగు చాటున తప్ప దాన్ని సుకన్య ఎప్పుడూ సరిగా చూడలేదు. అన్నీ నిజాం కాలపు రూపాయలు. ప్రతి రూపాయిమీదా చార్మినార్ తలకిందులుగా వేలాడుతోంది.

ఆమెకు అమ్మ మాట గుర్తొచ్చింది. దండ చేయించిననాడు అమ్మ కంసాలితో పోట్లాడింది. "చూసేటోళ్లకు గాదయ్యా. నా బిడ్డ వంగి చూస్కుంటే మినార్లు నిలబడి కనబడాలె. రింగు కింది దిక్కు అతుకు."

అవమానంతో ఇన్నాళ్లూ పరికించి చూడని దండను మెడలోంచి తీసి పక్కన పరిచింది. మంచి రూపాయలన్నీ తలకిందులే. మొద్దువన్నీ నిటారుగా ఉన్నాయి.

యాదగిరి రాగానే రెండూ చూపించింది. అతను ఆవలించాడు. "చెల్లె పెండ్లికి అమ్మ మార్పిచ్చింది. ఇంట్ల వెండి ఇంట్లనే ఉంది గదా, ఎందుకింత లొల్లి?"

"మీకు తెల్సా?"

"తెల్వకేంది?"

"అందరి ముందట మా అమ్మను దొంగ జేస్తుంటే, మీరు పక్కన కూసోని అన్నం తిన్నరా?"

సుకన్య దండా, వడ్డాణమూ సంచిలో వేసుకుని మరిపెడ బస్సెక్కింది. వెనకనుంచి అతను పిలుస్తూనే ఉన్నాడు.

కొట్టు ముందు వాటిని చూడగానే అమ్మ సమ్మమ్మ చేతిలోని తక్కెడ పక్కన పెట్టేసింది. "నాకు తెల్సు బిడ్డా. పిలగాని ఊయల నాడు హారిక నడుముకు చూసిన. అడిగితే నీ సంసారం ఏమైతదోనని నోరు మూస్కున్న."

"వాళ్లట్ల నవ్వుతుంటే గూడ?"

"నవ్వనీ అనుకున్న. నువ్వొక్కదానివి నమ్మవు గదా అని."

అబద్ధం చెప్తే అమ్మ సంతోషపడుతుంది. కానీ సుకన్యకు అబద్ధాలు ఇక చాలనిపించింది.

"నమ్మిన అమ్మా," అంది. సమ్మమ్మ ముఖం తిప్పుకుంది. సుకన్య ఆమె చెయ్యి వదల్లేదు. "రేపు ఫంక్షనుకు చుట్టాలందరు వస్తరు. మార్చింది ఎవరో వాళ్ల ముందటనే చెప్త. నువ్వు నా పక్కన నిలబడు. పొద్దుగాల మొదటి బస్సుకే పోదాం."