ఏం లేదులే

మా ఆయన నవ్వగా చూసి ఏడాది దాటింది. ఎలాగైనా నవ్వించాలని, ఆ ఆదివారం బతిమాలి, బెదిరించి, బోగోలు దగ్గర మా సముద్రపొడ్డు ఊరి నుంచి కావలికి సినిమాకు బయల్దేరదీశాను.

ఆయన పేరు ముత్యాలయ్య. పెళ్లి కాకముందు నుంచీ పడవలో ఇంజను పక్కన కూర్చున్న మనిషి. ఆ మోత చెవుల్ని కొద్దికొద్దిగా తినేసి, పోయినేడు పూర్తిగా మూసేసింది. అయితే ఆయన్ని కుంగదీసింది చెవుడు కాదు, ఒక మాట. సాయంత్రం ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ మగాళ్లు ఏదో అనుకుని నవ్వుతారు. ఈయన "ఏందిరా?" అంటాడు. "ఏం లేదులే అన్నా" అంటారు. విడమరిచి చెప్పే ఓపిక ఎవరికుంది? వాళ్ల పెదాల మీద ఆ 'ఏం లేదులే' చూసి చూసి, ఈయన ఒడ్డుకు పోవడమే మానేశాడు. ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. వాళ్ల మీద, ఈయన మీద, ఆ పాడు ఇంజను మీద కూడా.

మా అమ్మాయి వెన్నెల తన పాత ఫోన్‌లో ఏదో ఏర్పాటు చేసి ఇచ్చింది. ఎదుటివాళ్లు మాట్లాడింది దాని మీద అక్షరాలై పడుతుంది. ఈయనది ఐదో తరగతి చదువు, పెదాలు కదుపుకుంటూ నిదానంగా చదువుతాడు. మొదటి రోజు నేను తిట్టిన తిట్టు అందులో చదువుకుని, "ఇదేగదా! దీన్ని నీ నోరు చూసి ఎప్పుడో కనుక్కున్నా" అన్నాడు. సినిమాకు మాత్రం ఒక షరతు మీద ఒప్పుకున్నాడు.

"ఈ ఒక్కసారికి వస్తా. ఆడ కూడా నేను బొమ్మలాగా కూర్చోవాల్సి వస్తే, ఇంక నన్ను పదిమందిలోకి పిలవబాక."

అదీ నా భయం. ఈయన పట్టుదల నాకు తెలుసు.

కొత్త సినిమా. కావలి అంతా దాని గురించే చెప్పుకుంటున్నారు. అందులో హీరోకు ఫోన్ లేనిదే ముద్ద దిగదు. వానలో తడుస్తూ, వాన పడుతోందా అని ఫోన్‌ను అడుగుతాడు. సొంత ఇంట్లో వంటగదికి దారి అడుగుతాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మా ఆయన ఫోన్ ఎత్తిపట్టుకుని, అందులో పడే మాటలు కూడబలుక్కుని చదువుతున్నాడు. హాలంతా నవ్వి ఊరుకున్నాక, అందరికంటే వెనకగా, "హా!" అని ఒక్క నవ్వు నవ్వాడు. నా ప్రాణం లేచొచ్చింది.

రెండోసారి నవ్వబోయేలోగా వెనక వరసలో ఒకతను, "ఓ అన్నా, ఆ ఫోన్ ఆపు! ఈ సినిమా నిన్ను చూసే తీసినట్టుండారే!" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు గొల్లుమన్నారు.

ఆ మాట మా ఆయనకు వినబడలేదు. కానీ అక్షరం పొల్లుపోకుండా ఫోన్ మీద పడింది. నిదానంగా చదివి, ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టేశాడు.

నేను ఊరుకునేదాన్నా? వెనక్కి తిరిగి, "ఆయనకు ఇనపడదు నాయనా. అది ఫోన్ కాదు, ఆయన చెవి. నీ చెవులు నువ్వు ఇంట్లో పెట్టి వచ్చినావా?" అన్నాను.

"తెలీదక్కా. తప్పయిపోయింది" అన్నాడు అతను, పాపం నిజంగానే.

అయినా మా ఆయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. "పోదాం పా" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా, హాలంతా వినబడింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. రాయిలాగా కూర్చున్నాడు. అయిపోయింది, ఇంక ఈ మనిషి గోడవైపే అనుకున్నాను.

అంతలో సినిమాకు సౌండు పోయింది. తెర మీద హీరో పెళ్లాం నడుం మీద చెయ్యి వేసుకుని మొగుణ్ణి దులిపేస్తోంది, మాట మాత్రం లేదు. ఒకటే ఈలలు, కేకలు. "సౌండ్! సౌండ్!" అని కుర్చీలు బాదుతున్నారు. మా ఆయనకు ఇవేమీ తెలియవు. తెర వంక చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

వెనకతను ముందుకు వంగాడు. "ఏందన్నా? ఏమంటా ఉండాది ఆమె?"

నేను ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. చదువుకున్నాడు. ఇప్పుడు ఈయన వంతు. ఏడాదిగా మింగిన మాట తిరిగి అప్పజెప్పొచ్చు. నేనైతే 'ఏం లేదులే' అని రెండుసార్లు అని ఉండేదాన్ని.

ఆయన కుర్చీలో వెనక్కి తిరిగాడు. "'ఆ ఫోన్‌కే తాళి కట్టకపోయినావా, నన్నెందుకు చేసుకున్నావు' అంటా ఉండాది. 'రేపట్నుంచి అన్నం కూడా అదే వండిపెడతాదిలే' అంట!"

వెనక వరస నవ్వింది. ఆ వెనక వరసకు ఎవరో చెప్పారు, వాళ్లూ నవ్వారు.

"మరి మొగుడేమన్నాడు?"

"తెలీలా. మీసం అడ్డమొచ్చింది."

"ఆమెది ఎట్టా తెలిసిందన్నా?"

ఫోన్ చూసి, నా వైపు వేలు చూపించాడు. "ఇంట్లో నేర్చుకున్నా."

అందరూ నన్నే చూసి నవ్వుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతలో సౌండు వచ్చేసింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెర వైపోసారి, వెనక వైపోసారి తిరుగుతూ గట్టిగా చెబుతూనే ఉన్నాడు. మామూలుగా ఆయన గొంతు పెరిగితే మోకాలు నొక్కుతాను. ఆ రోజు నొక్కలేదు. వెనకతను సినిమా వదిలేసి, "చెప్పన్నా, చెప్పు" అంటున్నాడు.

నాకు కళ్లు నిండిపోయాయి. ఆయన చూడనే చూశాడు.

"ఏందే? ఏడస్తా ఉండావా? ఏమైంది?"

ఏం లేదులే అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాను.

"నువ్వు పదిమందిలో నవ్వతా ఉంటే చూడాలని తీసుకొచ్చినా మామా. చూసినా."

తెర మీద ఏదో జరిగింది, హాలంతా గొల్లుమంది. ఆయన తలెత్తలేదు. పెదాలు కదుపుకుంటూ నా మాట చదువుకుంటున్నాడు. నేను తొందరపెట్టలేదు. జనం నవ్వి నవ్వి ఊరుకున్నాక, అందరికంటే వెనకగా, మా ఆయన నా వంక చూసి నవ్వాడు.