అక్క కుడిచెయ్యి

పొద్దున్నే రిపేరు షాపు షట్టరెత్తి, బల్ల తుడిచి, సోల్డరింగ్ ఐరన్ వేడికి పెట్టడం చెల్లెలి అలవాటు. ఆ రోజు బల్ల మీదున్నది అక్క సింథసైజర్. పడుచుతనంలో కొన్నది. ఆర్కెస్ట్రాలో అక్క దాని మీద వాయించని పాట లేదు. వాద్యాల శబ్దాలన్నీ తనే తయారుచేసి, తన వాయింపుతో సహా అందులో దాచుకుంది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక అదీ మూలన పడింది. ఇప్పుడు మెమరీ చిప్పులు చెడిపోతున్నాయి. వేణువు నొక్కితే గరగర, గంటలు నొక్కితే అదీ లేదు.

చిప్పు పీకితే అందులో ఉన్నది బోర్డుకు ఆనుకున్న చేతిలోకి దిగుతుందని వీధిలో అందరికీ తెలుసు. వాషింగ్ మిషన్ చిప్పు తీసిన వారం చెల్లెలు ఏది పట్టుకున్నా పిండేసింది. ఆమెతో చెయ్యి కలపడానికి జనం జంకారు.

"ఈ చిప్పులు పీకేటప్పుడు బోర్డు నువ్వే పట్టుకో," అన్నాడు ఆర్కెస్ట్రా మాస్టారు. "మీ అక్క వాయింపంతా నీకొచ్చేస్తుంది. శనివారం నుంచి నువ్వే వద్దువుగాని."

ఆమెకు ఆశ లేక కాదు. స్టేజీ వెనక వైర్లు చుడుతూ అక్క వేళ్ళకేసి నోరెళ్ళబెట్టి చూస్తూ పెరిగిన మనిషి.

"అవి అక్కవి మాస్టారూ. అక్కకే ఇస్తాను."

ఇంటికెళ్ళి అక్కను చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది.

"చచ్చిన చేతికి సంగీతమెందుకే? నువ్వు తీసుకుంటే నీకైనా పనికొస్తుంది."

"నోరుమూసుకుని చెయ్యిలా పెట్టక్కా."

అక్క అరచేతిని బోర్డుకు ఆనించి, జారిపోకుండా గుడ్డతో బల్లకు కట్టింది. చిప్పు కాళ్ళ దగ్గర సీసం కరిగించి, పీల్చేసి, మెల్లగా పైకి లేపింది. మొదటిది వచ్చింది. చెయ్యి కదల్లేదు. రెండోదీ అంతే.

"చూశావా," అని అక్క మొహం తిప్పుకుంది.

మూడోదాని కాలు విరిగితే, చెల్లెలు మోచేత్తో చెమట తుడుచుకుని ఆ ముక్కను పట్టకారుతో లాగింది. ఆఖరిది బోర్డును కరుచుకుపోయింది. పళ్ళబిగువున పీకింది.

"అబ్బా! ముడి వదులు చెయ్యవే, చెయ్యి తిమ్మిరెక్కుతోంది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాదిగా ఆ చేతికి సూది గుచ్చినా తెలిసేది కాదు.

కొత్త చిప్పులు పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. స్విచ్చేస్తే మిషన్‌కి ఒక్క వాద్యమూ గుర్తులేదు. అక్క కుడిచేతి వేలు వణుక్కుంటూ ఒక్కో బటనే వెతుక్కుని వేణువును మళ్ళీ మొదట్నుంచీ తయారుచేయసాగింది. శ్రుతి తప్పింది. మళ్ళీ నొక్కింది.

సాయంత్రం మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నాడు.

"శనివారం వస్తాం మాస్టారూ," అంది అక్క తలెత్తకుండానే. "ఇద్దరం. మా చెల్లి ఇంకా సరిగమల దగ్గర్నుంచి నేర్చుకోవాలి."